వేన్నీళ్ల సోలార్‌కి సబ్సిడీ ఎక్కడుంది?

ఈ మధ్య మా చుట్టాల్లో ఎవరు ఇల్లు కట్టుకుంటున్నా నాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే, సోలార్ వాటర్ హీటర్ పెట్టుకుంటే గవర్నమెంటు ఎంత ఇస్తుంది అని. ఏమీ ఇవ్వదు. సెంటర్ ఇచ్చే సబ్సిడీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు టీవీలో, వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ 78,000 రూపాయలు పీఎం సూర్యఘర్ పథకానివి, కరెంటు తయారుచేసే ప్యానెళ్లకి మాత్రమే వస్తాయి, నీళ్లు కాచే గొట్టాలకి పైసా రాదు. రెండూ మిద్దె మీదే ఉంటాయి, రెండూ దక్షిణం వైపే వాలి ఉంటాయి, అమ్మేవాళ్లకి ఈ గందరగోళం బాగా కలిసొచ్చింది.

మా బావమరిదికి కర్నూల్లో ఒక షాపతను ఇచ్చిన కొటేషన్ చూశాను. 200 లీటర్ల హీటర్, దాని ధర, కింద "సబ్సిడీ పోను" అని ఇంకో ధర. ఏ సబ్సిడీ బాబూ అని ఫోన్‌లో అడిగితే, "అది మా డిస్కౌంటే సార్, అలా రాస్తేనే కస్టమర్లకి తొందరగా ఎక్కుతుంది" అన్నాడు, ఏమాత్రం మొహమాటం లేకుండా.

ఒకప్పుడు నిజంగానే ఉండేది. 2010 జనవరిలో జవహర్‌లాల్ నెహ్రూ నేషనల్ సోలార్ మిషన్ మొదలుపెట్టినప్పుడు కరెంటుతో పాటు వేన్నీళ్లకి కూడా టార్గెట్ పెట్టుకున్నారు, 2022 కల్లా 2 కోట్ల చదరపు మీటర్ల కలెక్టర్లు (ఎండ వేడిని పట్టే పలకలు) అని. అందుకోసం ఇళ్లకి 30 శాతం సబ్సిడీ, వద్దనుకుంటే 5 శాతం వడ్డీకి లోను. ఆ 30 శాతం కూడా షాపు రేటు మీద కాదు, చదరపు మీటరుకి ఇంత అని మంత్రిత్వ శాఖ కట్టిన రేటు మీద. పైగా డబ్బు మన అకౌంట్లో పడేది కాదు, కంపెనీ తగ్గించి అమ్మి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. తిరకాసంతా ఇక్కడే. షాపతను ముందే రేటు పెంచి తర్వాత తగ్గించాడా, నిజంగానే తగ్గించాడా అన్నది కొనేవాడికి తెలిసే దారే లేదు. సూర్యఘర్‌లో ఈ బాధ కొంత తప్పింది, ప్యానెళ్లు బిగించి నెట్ మీటర్ (మనం వాడిన కరెంటునీ, గ్రిడ్‌కి పంపినదాన్నీ లెక్కగట్టే మీటర్) పెట్టాక సబ్సిడీ నేరుగా మన బ్యాంకు ఖాతాలోకే వస్తుంది.

నాకు వీటన్నింటికంటే బెంగళూరు పద్ధతి నచ్చింది. అక్కడి కరెంటు సంస్థ బెస్కామ్ 2007 నుంచి, కాస్త పెద్ద సైటులో కొత్త ఇల్లు కడితే సోలార్ వాటర్ హీటర్ లేనిదే కరెంటు కనెక్షన్ ఇవ్వనంది, పెట్టుకున్నవాళ్లకి యూనిట్‌కి 50 పైసల చొప్పున, నెలకి 50 రూపాయలు మించకుండా బిల్లులో తగ్గించింది. నెలకి 50 అంటే ఏడాదికి 600, రెండు సినిమా టికెట్లు, పాప్‌కార్న్. ఆ 600 కోసం ఎవరూ హీటర్ కొనరు, నాకూ తెలుసు. కానీ కనెక్షన్ రాదనే భయానికి బిల్డర్ కట్టేటప్పుడే వేన్నీళ్ల పైపు వేరుగా వేస్తాడు చూడండి, అసలు పని అక్కడ జరిగింది. కట్టేసిన ఇంట్లో టైల్స్ పగలగొట్టి పైపు లాగడమంటే ఏ సబ్సిడీ ఇచ్చినా ఆడవాళ్లు ఒప్పుకోరు, మగవాళ్లు అసలే ఒప్పుకోరు.

ఇంకొకటి, బెంగళూరులో ఏడాదిలో ఎక్కువ నెలలు వేన్నీళ్లు కావాలి. మనకి?

వంద లీటర్ల హీటర్ ఏడాదికి 1,500 యూనిట్ల దాకా ఆదా చేస్తుందని సెంటర్ వాళ్ల లెక్క. వంద లీటర్ల నీళ్లని 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 4 యూనిట్లు పడుతుంది, దాన్ని 365తో హెచ్చవేస్తే దాదాపు ఆ 1,500 వస్తుంది. అంటే ఏడాదిలో ప్రతిరోజూ ఆ వంద లీటర్లూ వాడితేనే ఆ ఆదా. కర్నూల్లో ఏప్రిల్, మే నెలల్లో సింటెక్స్ ట్యాంకు నీళ్లే చెయ్యి కాలిపోయేలా వస్తుంటే, ఇంక హీటర్ ఎవరిక్కావాలి? మన వైపు ఇళ్లకి ఆ లెక్కలో సగం వేసుకుంటే మంచిదని నా అభిప్రాయం. హాస్టళ్లు, లాడ్జీలు, ఆసుపత్రులు వేరు, వాళ్లకి రోజూ కావాలి, సబ్సిడీ లేకపోయినా గిట్టుబాటవుతుంది.

ఎండని ఒడిసిపట్టడంలో మాత్రం హీటరే మెరుగు. మీద పడ్డ ఎండలో సుమారు సగం నీళ్లలోకి వేడిగా పోతుంది, ప్యానెల్ అయితే ఐదో వంతు కరెంటుగా మారితే గొప్ప. వంద లీటర్లకి రెండు చదరపు మీటర్ల జాగా చాలు, అదే ఒక కిలోవాట్ ప్యానెళ్లకి వంద చదరపు అడుగులు కావాలి. అయినా ప్యానెల్ వేసవిలో ఖాళీగా కూర్చోదు, ఏసీ నడుపుతుంది, మిగిలింది గ్రిడ్‌కి పోతుంది. దానికి 2 కిలోవాట్లకి 60,000, 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా 78,000 సబ్సిడీ. ఆంధ్రాలో బీసీ కుటుంబాలకైతే రాష్ట్రం ఇంకో 20,000 దాకా కలుపుతోంది. హీటర్‌కి దక్కిన ఊరట ఒక్క జీఎస్టీయే, అదీ 2022 జులైలో 5 నుంచి 12 శాతానికి పెంచి, 2025 సెప్టెంబర్ 22 నుంచి మళ్లీ 5కి దించారు. తీసుకున్నదే తిరిగిచ్చారన్నమాట!

సబ్సిడీ సంగతి ఎలా ఉన్నా బోరు నీళ్ల సంగతి మర్చిపోకండి. రాయలసీమలో, హైదరాబాద్ శివార్లలో నీళ్లలో ఉప్పు ఎక్కువ, రాగి గొట్టాలున్న ఫ్లాట్ ప్లేట్ రకంలో సన్నటి దారులన్నీ తెల్లగా పేరుకుపోయి మూసుకుపోతాయి, నీళ్లు తిరగవు, ఎండ మండుతున్నా ట్యాంకు గోరువెచ్చగానే ఉంటుంది. గాజు ట్యూబుల రకం కొంత నయం, ప్లంబర్ ట్యూబు ఊడదీసి కడగొచ్చు, కానీ కోతులున్న ఊరైతే ఆలోచించుకోండి. ఖాళీ అయిన ట్యూబులు మిట్టమధ్యాహ్నం ఎండలో ఉండగా చల్లనీళ్లు వదిలితే టప్పున పగులుతాయి, నీళ్లు నింపే పని పొద్దున్నే చూసుకోవాలి.

బావమరిది చివరికి 3 కిలోవాట్ల ప్యానెళ్లకి సూర్యఘర్ పోర్టల్‌లో అప్లై చేశాడు, బాత్రూంలో మామూలు గీజరే. వాళ్ల నాన్న మోకాళ్ల నొప్పులకి రోజూ వేన్నీళ్లు కావాలంటారు కాబట్టి రేపెప్పుడైనా హీటర్ పెట్టుకోవాలన్నా పనికొచ్చేలా, గోడలు పూయకముందే మిద్దె దాకా వేన్నీళ్లకి తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపు ఒకటి మాత్రం వేయించి పైన మూత బిగించమన్నాను. ఆ షాపతను ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉన్నాడట, "సబ్సిడీ ఈ నెలాఖరు వరకే సార్" అని.