ఎంత వచ్చిందని కాదు, ఏ రోజు వచ్చిందని అడగండి

సమాఖ్య వ్యవస్థ, అభివృద్ధి మీద పరిశోధన అనగానే మనవాళ్లు ఢిల్లీకీ అమరావతికీ మధ్య పంచాయితీ దగ్గరే ఆగిపోతారు. 2021-26 మధ్య కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలన్నిటికీ 41 శాతం, అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, పంపకానికే రాని సెస్సులు, సర్‌చార్జీలు. అవీ కావాలి. కానీ అది సగమే. మిగతా సగం చిత్తూరు జిల్లాలో ఏ పంచాయతీ క్యాష్ బుక్ తెరిచినా కనబడుతుంది.

ఒక పంచాయతీకి 15వ ఆర్థిక సంఘం (కేంద్రం డబ్బు రాష్ట్రాలకూ ఊళ్లకూ ఎలా పంచాలో చెప్పే సంఘం) నిధులు ఏడాదికి 10 లక్షలు అనుకుందాం. 2021-22 నుంచి 2025-26 దాకా అందులో 60 శాతం టైడ్, చెప్పిన పనికే వాడాల్సిన సొమ్ము. అంటే తాగునీటికి 3 లక్షలు, పారిశుద్ధ్యానికి 3 లక్షలు. మిగిలిన 4 లక్షలు అన్‌టైడ్, ఊరి అవసరాన్ని బట్టి వాడుకునేది, దాంట్లోంచి కూడా జీతాలు ఇవ్వకూడదు. ఎండాకాలం బోరు మోటారు కాలిపోతే నీళ్ల పద్దులో బాగుచేయించుకోవచ్చు. సిమెంటు రోడ్డు కావాలంటే ఆ 4 లక్షల్లోనే సర్దుకోవాలి. సర్పంచి చేతులు కట్టేసింది రాష్ట్రమేనని రాసేస్తుంటారు గానీ, ఈ ముడి వేసింది కేంద్ర ఆర్థిక సంఘం.

ఇక అసలు పని. ప్రతి వాయిదాకూ మూడు తేదీలు రాసుకోండి: కేంద్రం విడుదల చేసిన రోజు, పంచాయతీ ఖాతాలో పడిన రోజు, బిల్లు చెల్లిన రోజు. మొదటిది ఉత్తర్వుల్లో ఉంటుంది, మూడోది పంచాయతీల లెక్కలుండే ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ ఓచర్లలో దొరుకుతుంది. రెండోదానికి మాత్రం పాస్‌బుక్ చూడాల్సిందే. కేంద్రం నుంచి అందిన 10 పనిదినాల్లో రాష్ట్రం కిందికి పంపాలి, లేదంటే వడ్డీతో కలిపి ఇవ్వాలి. కాబట్టి మొదటి రెండు తేదీల మధ్య ఆలస్యానికి జవాబు పైన వెతకాలి. రెండో తేదీ దాటాక జరిగే ఆలస్యం ఎక్కువగా ఊళ్లోది, మండలంలోది: ప్రణాళిక అప్‌లోడ్ కాలేదు, డిజిటల్ సంతకం గడువు తీరింది, ఎం-బుక్‌లో (చేసిన పనిని కొలిచి రాసే పుస్తకం) కొలతలు ఎక్కలేదు. రెండిటినీ కలిపి ‘జాప్యం’ అని ఒకే గడిలో వేస్తే తప్పు ఎవరిదో ఎన్నటికీ తేలదు.

ఏదైనా ఏడాది నిధుల గడిలో సున్నా కనబడితే తొందరపడొద్దు. ఎన్నికైన పాలకవర్గం ఉండాలన్నది ఈ నిధులకు షరతు. మన దగ్గర సర్పంచుల పదవీకాలం 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు. ఆ ఏళ్ల లెక్కలు చూసి ఊరు చేతగానిదని తేల్చడం అన్యాయం.

ఎక్కువమంది బోల్తా పడేది జిల్లా పేరు దగ్గర. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా చీలి తిరుపతి జిల్లా పుట్టింది. గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి నెల్లూరు నుంచి ఇందులోకి వచ్చాయి. చిత్తూరులోని మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. జిల్లా పరిషత్తులు మాత్రం పాత హద్దులతోనే మిగిలాయి. 2021నీ 2023నీ జిల్లా లెక్కన పోలిస్తే పెరిగింది నిధులా, హద్దులా తెలియదు. మండలాన్ని యూనిట్‌గా పెట్టుకోండి. పేరుతో కాక స్థానిక సంస్థల డైరెక్టరీలో (కేంద్రం ఒక్కో మండలానికీ పంచాయతీకీ వేరే నంబరు ఇచ్చే జాబితా) ఉన్న కోడుతో కలపండి. రామచంద్రాపురం తిరుపతి పక్కనా ఉంది, గోదావరి వైపూ ఉంది.

వీధిదీపాల కరెంటు బాకీకి మళ్లిన సొమ్ముకు వేరే గడి పెట్టండి. కాగితం మీద అదీ ఖర్చే, ఊళ్లో కొత్తగా ఒక కుళాయి కూడా రాదు.