మొదటి ఏడాది రేసు, మర్నాడు సోమవారం

ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకే రోజు చేసే ట్రయాథ్లాన్ రేసు నిన్న ముగించాను. ఇవాళ పొద్దున మంచం దిగడానికే చాలాసేపు పట్టింది. తొడలు రాళ్లలా బిగుసుకుపోయాయి. మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి ఒక్కో కాలూ కిందకి దించుతున్నాను. ఇవాళ సెలవు పెట్టడం మంచిదైంది. మధ్యాహ్నానికి సంచులన్నీ విప్పి, ఈతకి వేసుకునే రబ్బరు సూటు, వెట్‌సూట్‌ని మంచినీళ్లతో కడిగి, తిరగేసి నీడలో ఆరేశాను. ఎండలో వేస్తే ఆ రబ్బరు పాడైపోతుంది. రేసు సమయం లెక్కించే టైమింగ్ చిప్ పట్టీ ఒరుసుకున్న ఎర్రటి గీత ఎడమ చీలమండ చుట్టూ ఇంకా ఉంది. అది పోకముందే నిన్నటి సంగతి రాసి పెట్టుకోవాలనిపించింది.

3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. ఈ దూరాలు కొత్తవి కావు. 1978లో హవాయిలో మొదటి ఐరన్‌మ్యాన్ రేసుకి 15 మంది బయల్దేరి 12 మంది పూర్తి చేసిన నాటి నుంచి ఉన్నవే. నిన్న కొత్తదల్లా దారి. ఇంతకు ముందు నేను వెళ్లిన రేసులన్నిటికీ ఏ ఎత్తు దగ్గర ఎంత ఓపిక దాచుకోవాలో ఎవరో ఒకరు ముందే చెప్పేవారు. ఈ రేసు పెట్టడం ఇదే మొదటి ఏడాది కాబట్టి ఇక్కడ అలా చెప్పడానికి ఒక్కరూ లేరు. నెలరోజులు మ్యాప్‌లోని ఎత్తుపల్లాల గీతని చూస్తూ కూర్చున్నాను. ఆ గీతలో గాలి కనబడదు కదా!

ఈత ప్రశాంతంగా గడిచింది. కొద్దికొద్దిమందిగా నీళ్లలోకి వదిలారు కాబట్టి తోపులాట లేదు. 1 గంట 24 నిమిషాల్లో ఒడ్డుకి చేరాను.

సైకిలే అసలు పరీక్ష. 60 కిలోమీటర్ల చుట్లు మూడు. ముందున్న సైకిలుకి 12 మీటర్ల ఎడం ఉంచాలని నియమం, కానీ ఉన్నదే కొద్దిమంది కావడంతో నాకు చాలాసేపు ముందూ వెనకా ఎవరూ కనిపించలేదు. ఇరవై నిమిషాలకోసారి వాచీ మోగితే ఏదో ఒకటి నమిలి మింగడం, రెండు గుక్కలు తాగడం, అంతే. మొదటి చుట్టులో ఒక కూడలి దగ్గర బాణం గుర్తు కనబడక నేరుగా వెళ్లిపోయాను. తప్పు దారని తెలిసి వెనక్కి తిరిగేసరికి మూడు కిలోమీటర్లు అదనం. కోపంతో కళ్లలో నీళ్లు వచ్చాయి. తిరిగి వచ్చేసరికి ఒక కుర్రవాడు ఆ బాణం బోర్డుని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. "గాలికి పడిపోయిందన్నా, నేను చూసుకోలేదు. ఇక కదలను" అన్నాడు. రెండో చుట్టులోనూ అలాగే ఉన్నాడు. మూడో చుట్టుకి ఎండ నడినెత్తిన ఉంది, బోర్డు మాత్రం కింద పెట్టలేదు. ఆ మూడు కిలోమీటర్ల బాధ అక్కడే పోయింది. ఈ దారి మాకే కాదు, అతనికీ కొత్తదే.

పరుగు మొదట్లో కాళ్లు నావి కావనిపించింది. సైకిలు దిగాక ఎప్పుడూ ఉండేదే, మూడు నాలుగు కిలోమీటర్లకి సర్దుకుంది. అదే దారిలో తిరిగి తిరిగి ఎదురుపడుతుంటే అందరి ముఖాలూ గుర్తుండిపోయాయి. చీకటి పడ్డాక ఒక చోట ఎలక్ట్రోలైట్, అంటే లవణాలు కలిపిన నీళ్లు, అయిపోయింది, నీళ్లు మాత్రమే మిగిలాయి. చెమటలో ఉప్పు పోతున్నప్పుడు ఉత్త నీళ్లే ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. అది ప్రమాదం. నిర్వాహకులు దీన్ని తప్పకుండా సరిదిద్దుకోవాలి, అభిప్రాయాల ఫారంలో మొదట అదే రాశాను. నా దగ్గర ఉప్పు గోళీలు ఆరున్నాయి. "అన్నా, ఒకటిస్తారా?" అని ఒకతను అడిగితే మూడు ఇచ్చేశాను. నేను 14 గంటల 38 నిమిషాలకి గీత దాటాను, అతను ఇంకో నలభై నిమిషాలకి వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా గట్టిగా పట్టుకున్నాడు.

ఇద్దరం దుప్పట్లు కప్పుకుని అక్కడే కూర్చున్నాం. గడువు 17 గంటలు. చివరి ఆవిడ 16 గంటల 51 నిమిషాలకి వచ్చింది. అప్పటికి పూర్తి చేసినవాళ్లలో సగం మంది ఇంకా వెళ్లలేదు, చప్పట్లకి నా అరచేతులు మండాయి.

ఇందాక ఒక తెలిసినవాళ్లు ఫోన్ చేశారు. వచ్చే ఏడాది పేరు ఇవ్వాలనుకుంటున్నారట, దారి ఎలా ఉందని అడిగారు. కాగితం తీసుకుని రాస్తున్నాను:

ఈతలో రెండో గుర్తు దాటాక సూర్యుడు సరిగ్గా కళ్లలో పడతాడు, ముదురు రంగు గాగుల్స్ తెచ్చుకోండి. సైకిలు చుట్టులో 41వ కిలోమీటరు మలుపు తర్వాత తొమ్మిది కిలోమీటర్లు ఎదురుగాలి, తేలిక గేరులోకి ముందే మారండి. ఉప్పు గోళీలు మీకు కావలసినదానికన్నా నాలుగు ఎక్కువ పెట్టుకోండి.