గుండు సలహా

ఇందాకటి నుంచీ ఒళ్ళు మండుతోంది. లిఫ్టులో కింద ఫ్లోర్ ఆంటీ మా కుక్క జున్నుని చూసి, "ఈ రోహిణీ ఎండల్లో మూగజీవానికి అంత బొచ్చేందమ్మా, గుండు కొట్టించెయ్యరాదూ?" అన్నారు. పక్కనున్నవాళ్ళంతా నన్ను పాపిష్టిదాన్ని చూసినట్టు చూశారు.

చెప్పాల్సిన మాటలు ఇప్పుడొస్తున్నాయి నాకు! జున్ను షెల్టీ, అంటే షెట్లాండ్ దీవుల్లో గొర్రెలు కాసే జాతి. దాని బొచ్చు రెండు పొరలు. పైపొర ఎండ నేరుగా చర్మానికి తగలనివ్వదు. గొరిగేస్తే ఆ అండ పోతుంది, మళ్ళీ సరిగ్గా రాకపోవచ్చు కూడా. తీయాల్సింది లోపల ఊడిన మెత్తటి బొచ్చుని. నీళ్ళు చిలకరించి, పాయలు విడదీసి, చర్మం దాకా దువ్వాలి. పైపైన దువ్వితే మెరుస్తుందే గానీ చెవుల వెనకా తొడల వెనకా ఉండలు కడుతుంది. ఇవాళ ఒక ఉండ వేళ్ళతో విప్పేసరికి నా అన్నం చల్లారిపోయింది.

మామయ్యది ఇంకో సలహా. పిడుదులకి గొర్రెలకేసే ఐవర్‌మెక్టిన్ సూది వేయించమంటాడు. కోలీలనే కాపరి కుక్కల్లో, షెల్టీల్లో కొన్నిటికి, మందుల్ని మెదడులోకి పోనివ్వని ఎండీఆర్1 జన్యువులో లోపముంటుంది, ఆ మోతాదు మెదడుకెక్కితే ప్రాణం మీదికొస్తుంది. "మా ఊరి కుక్కలకి ఏం కాలేదే" అని ఆయన వాదన.

గొర్రెలంటే ఉగాది గుర్తొచ్చింది. పొదలకూరు దగ్గర అమ్మమ్మ వాళ్ళూళ్ళో కోసిన మడిలో మంద ఆగింది. అపార్ట్‌మెంట్లో పెరిగిన జున్ను అంతవరకూ గొర్రె ముఖం చూడలేదు. గొలుసు విడిపించుకుని, మొరుగుతూ మంద చుట్టూ తిరిగి, వెనకబడ్డ పిల్లని మడమల దగ్గర అదిలించి ముందుకు తోలింది. షెట్లాండ్ గొర్రెలు పొట్టివి. నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా పొడుగు, అడుగుంపావు జున్ను దాని పొట్ట కిందికొచ్చింది. పైగా మనవాటికి ఉన్నే ఉండదు, బొచ్చంతా కాపలాదారుకే! ఒక జోడిపి (మూతీ కళ్ళ చుట్టూ నల్లమచ్చలుండే తెల్ల నెల్లూరు రకం) పొట్టేలు తల వంచేసరికి నా గుండె జారింది. కాపరి తాత మాత్రం, "నక్క పడిందనుకున్నా. దీనికి పనొచ్చమ్మా!" అని నవ్వాడు.

అది తలుచుకుంటే కోపం దారి తప్పింది. స్కాట్లాండ్‌కి ఉత్తరాన చలిగాలి దీవుల కుక్క, నెల్లూరు మాగుంట లేఔట్లో ఏసీ కింద పడుండటమేంది? ఆంటీ బాధా ఒకరకంగా అదేనేమో. అయినా గుండు మాత్రం కొట్టించను.

దాని అరుపుల మీద వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు, జవాబివ్వాలి. మందని అరుపుతోనే తోలే జాతండీ అని రాసి, చెరిపేశా. రేపు మా ఆయన్నే రాయమంటా.