ఒంటికి పట్టడం

నిద్ర పట్టట్లేదు, బాబాయ్ పుణ్యమా అని. నిజాంపేటలో వాళ్ళ గృహప్రవేశం, గారెల బేసిన్ పట్టుకున్న కుర్రాడు నా విస్తరి దగ్గరికి రాగానే "ఆ అమ్మాయికి వద్దులే, ముందుకెళ్ళు" అన్నాడు. బంతిలో అందరూ విన్నారు. పక్కనే మా అన్న, వాడి సంగతి తెలిసిందేగా, పుల్లలా ఉంటాడు, వాడికి మాత్రం మూడు వేయించాడు. పాయసం బాగుంది.

ఇంటికొచ్చి ఆ కోపంలోనే ఎఫ్‌టీఓ జన్యువు గురించి చదువుతూ కూర్చున్నా. బరువుతో దానికి సంబంధం ఉందని 2007లో బయటపడింది. అందులో ఒక మార్పు అమ్మవైపు నుంచీ నాన్నవైపు నుంచీ వస్తే, అసలు రానివాళ్ళ కంటే సగటున మూడు కిలోలు ఎక్కువుంటారట, ఐరోపావాళ్ళ మీద తీసిన లెక్క. 2015లో తేల్చింది ఇంకా బాగుంది: ఆ మార్పు ఐఆర్‌ఎక్స్3, ఐఆర్‌ఎక్స్5 అనే వేరే జన్యువులను రెచ్చగొడుతుంది, దాంతో కొవ్వుకణాలు వేడి పుట్టించే పని తగ్గించి దాచుకునే పనిలో పడతాయి. తిన్నది ఒంటికి పట్టడమంటే ఇదే కదా! బాబాయ్‌కి వాట్సాప్‌లో పెడదామని టైపు కూడా చేశా.

పంపలేదు. అది మూడు కిలోలు, నాకు ఎక్కువున్నవి పద్నాలుగు. మిగతా పదకొండూ ఎవరి ఖాతాలో రాయను?

అమ్మమ్మ బేసిన్ గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో ఆవకాయన్నం కలిపి అందరి చేతుల్లో ముద్దలు పెట్టేది. అన్న నాలుగో ముద్దకే చెయ్యి వెనక్కి దాచేసేవాడు, కడుపు నిండిందన్న కబురు వాడికి అంత తొందరగా అందేది. నాకు అందేది కాదు. అడుగున ఎర్రటి నూనె అంటిన చివరి ముద్ద ఎప్పుడూ నాదే. "ఇదొక్కటీ తినేయమ్మా, బేసిన్ కడిగేస్తాను" అనేది. నేను బంగారుతల్లిని, వాడు పేచీకోరు. ఈ మార్పున్న పిల్లలకు పొట్ట నిండినట్టు తొందరగా తెలియదని ఇందాకే చదివా. అయితే ఆకలీ దాని పనేనని కాసేపు సంబరపడ్డా, కానీ ఆ మూడు కిలోల్లో ఆకలి వాటా కూడా కలిసే ఉంటుంది కదా. పైగా నాకది ఉందో లేదో టెస్టు చేయించుకున్నదీ లేదు. ఒళ్ళు వంచేవాళ్ళలో దీని ప్రభావం పావు వంతు పైనే తగ్గుతుందట, ఆ పేరా గబగబా దాటేశాను.

ఇందాక చార్జర్ కోసం బ్యాగు వెతుకుతుంటే అడుగున ఫాయిల్ పొట్లం. నాలుగు గారెలు, అల్లం చట్నీ విడిగా. పిన్ని పనే. చట్నీ కాస్త కారింది.