ప్రశ్నావళితో గడిచిన గురువారం

ఈ రోజు ఉదయం నుంచి చీకటి పడే దాకా నా పనంతా ప్రశ్నలు చదవడంతోనే గడిచింది. ఈ నవంబరు ఎన్నికలకు ముందు మిషిగన్ ఓటర్లతో మా బృందం ఒక చిన్న సర్వే చేయవలసి ఉంది. దాని ముసాయిదాను పాత అధ్యయనాల ప్రశ్నలతో పోల్చి చూసి, ఎక్కడ ఏం మార్చాలో సోమవారం లోగా చెప్పమని మా ప్రొఫెసర్ గారు నాకు అప్పగించారు. మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న ఈ ఆన్ ఆర్బర్‌లో ఉన్నవారికి ఈ పని మీద ప్రత్యేకమైన మమకారం ఉండడం సహజం. దేశమంతటి నుంచి ఎంపిక చేసిన ఓటర్లను ఎన్నికకు ముందూ తరువాతా ప్రశ్నించే అధ్యయనం 1948లో ఈ విశ్వవిద్యాలయంలోనే మొదలైంది. అదే నేడు అమెరికన్ జాతీయ ఎన్నికల అధ్యయనం అనే పేరుతో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో సాగుతోంది. దాని పాత ప్రశ్నావళులన్నీ ఎవరైనా తీసి చదువుకునేలా అందుబాటులో ఉన్నాయి.

ముందుగా పార్టీ అనుబంధం గురించిన ప్రశ్న తీశాను. "మామూలుగా మిమ్మల్ని మీరు రిపబ్లికన్ అనుకుంటారా, డెమొక్రాట్ అనుకుంటారా, ఇండిపెండెంట్ అనుకుంటారా, మరేమైనా అనుకుంటారా?" అన్నది దాని సారాంశం. 1952 నుంచి ఇంచుమించు ఇవే మాటల్లో దీన్ని అడుగుతూ వస్తున్నారు. ఏదో ఒక పార్టీ పేరు చెప్పినవారిని, ఆ అనుబంధం గట్టిదా కాదా అని మళ్లీ అడుగుతారు. ఇండిపెండెంట్ అన్నవారిని మాత్రం, రెండు పార్టీలలో దేనికి కాస్త దగ్గరగా ఉన్నామనుకుంటున్నారో చెప్పమంటారు. ఈ రెండో ప్రశ్న లేకపోతే అమెరికా రాజకీయాల చిత్రమే మారిపోతుంది. గాలప్ అనే సర్వే సంస్థ లెక్కల్లో ఇటీవలి సంవత్సరాల్లో 40 శాతానికి పైగా అమెరికన్లు తమను ఇండిపెండెంట్లుగా చెప్పుకుంటున్నారు. అంతటితో ఆగితే దేశంలో సగానికి దగ్గరగా జనం రెండు పార్టీలకూ దూరమయ్యారనిపిస్తుంది. రెండో ప్రశ్న వేసి చూస్తే వారిలో అత్యధికులు ఎటో ఒకవైపు మొగ్గుతారు, మొగ్గిన తరువాత ఓటు కూడా దాదాపు ఆ పార్టీ సొంత మనుషుల లాగే వేస్తారు. ఎటూ మొగ్గని నికరమైన తటస్థులు పదిమందిలో ఒకరికి అటూ ఇటూగా మిగులుతారు.

మిషిగన్‌లో ఈ ప్రశ్న మరీ అవసరం. ఫ్లోరిడాలోనో పెన్సిల్వేనియాలోనో ఓటరుగా నమోదు చేసుకునేటప్పుడే పార్టీ పేరు రాయవచ్చు. ఇక్కడి నమోదు పత్రంలో ఆ గడి లేదు. అందువల్ల ఎవరు ఏ పార్టీ వైపు ఉన్నారో తెలుసుకోవాలంటే మనిషిని అడగడం తప్ప దారి లేదు.

ఆ అడగడంలోనే ఎంత ఓపిక కావాలో చూపిన తొలి అధ్యయనం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో జరిగింది. వియన్నా నుంచి వలస వచ్చిన పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఆయన సహచరులు 1940లో అధ్యక్ష పదవికి రూజ్వెల్ట్, విల్కీల పోటీ సమయంలో 600 మందిని ఎంచుకుని, మే నెల నుంచి నవంబరు దాకా మళ్లీ మళ్లీ అదే మనుషుల దగ్గరికి వెళ్లారు. రేడియో, పత్రికల ప్రచారం మనసులను ఎలా మారుస్తుందో పట్టుకోవచ్చని అనుకున్నారు. తీరా చూస్తే ప్రచారం విని పార్టీ మారినవారు బహు కొద్దిమంది. ఎక్కువమంది తమ మతం, ఆర్థిక స్థితి, పల్లె పట్నాల తేడా ఎటు నడిపిస్తే అటే నడిచారు. ఒకే మనిషిని రెండు వైపులకు లాగే పరిస్థితులున్న చోట, ఉదాహరణకు సంపద రిపబ్లికన్ల వైపూ మతం డెమొక్రాట్ల వైపూ లాగే సంపన్నుడైన కేథలిక్కు ఓటరు విషయంలో, నిర్ణయం ఆలస్యమైంది. ఒక్కసారి అడిగి వదిలేస్తే ఇందులో ఏదీ తెలిసేది కాదు.

భోజనానికి ముందు రెండు గంటలు రాజనీతి శాస్త్రవేత్త ఫిలిప్ కాన్వర్స్ సామాన్య ఓటర్ల రాజకీయ ఆలోచనల మీద 1964లో రాసిన వ్యాసంతో గడిపాను. ఎన్నిసార్లు చదివినా దానితో నాకు పేచీ తీరదు. 1956లో ఓటర్లను రెండు పార్టీల గురించీ అభ్యర్థుల గురించీ ఏం నచ్చిందో, ఏం నచ్చలేదో సొంత మాటల్లో చెప్పమన్నారు. ఆ జవాబులను వరుసగా చదివి, వాటిలోని ఆలోచన తీరును బట్టి తరగతులుగా విడదీశారు. ఉదారవాదం, సంప్రదాయవాదం వంటి భావాల చట్రంలో ఆలోచించినవారు మొత్తం నమూనాలో రెండున్నర శాతమే తేలారు, వారికి దగ్గరగా వచ్చినవారు మరో 9 శాతం. ఫలానా పార్టీ కార్మికులదనో రైతులదనో వర్గాల లాభనష్టాలను బట్టి చెప్పినవారు 42 శాతం, రోజులు బాగున్నాయా లేదా అన్న దాన్ని బట్టి చెప్పినవారు 24 శాతం. మిగిలినవారి మాటల్లో విధానాల ఊసే లేదు.

కాన్వర్స్ అక్కడితో ఆగలేదు. 1956, 1958, 1960 సంవత్సరాల్లో అదే మనుషులకు అవే ప్రశ్నలు వేసిన సమాచారాన్ని పరిశీలించాడు. విద్యుత్తు, ఇళ్ల నిర్మాణం వంటి వాటిని ప్రభుత్వం ప్రైవేటు వ్యాపారులకే వదిలేయాలా అన్న ప్రశ్నకు చాలామంది ఒకసారి అవుననీ, మరొకసారి కాదనీ చెప్పారు. ఏ దిశా లేని ఆ ఊగిసలాటను చూసి, వీరిలో ఎక్కువమందికి ఈ విషయం మీద అసలు అభిప్రాయమే లేదు, అడిగారు కనుక ఏదో ఒకటి చెప్పారు అని తేల్చాడు. అమెరికా ఓటరు మీద పండితలోకంలో స్థిరపడిన చిన్నచూపునకు ఈ ఒక్క నిర్ధారణ ఎంత ఊతమిచ్చిందో చెప్పలేను.

అయితే కాన్వర్స్ సొంత పట్టికలోనే మరో వరుస ఉంది. పార్టీ అనుబంధం గురించి ఆ మనుషులే చెప్పిన జవాబులు చాలా నిలకడగా ఉన్నాయి. నల్లజాతి పిల్లలకూ తెల్లజాతి పిల్లలకూ ఒకే బడి ఉండాలా అన్న వివాదంపై అభిప్రాయాలు కూడా విద్యుత్తు ప్రశ్న కంటే ఎంతో స్థిరంగా నిలిచాయి. తమ వీధిలో, తమ బడిలో కంటికి కనిపించే విషయాన్ని అడిగినప్పుడు నిలకడగా చెప్పినవారే, వాషింగ్టన్‌లోని ఒక వాదోపవాదాన్ని రెండు ముక్కల్లో కుదించి అడిగినప్పుడు తడబడ్డారు. 1975లో క్రిస్టఫర్ ఆకెన్ ఇదే సమాచారాన్ని తిరగేసి, తడబాటులో పెద్ద భాగం ప్రశ్నల అస్పష్టత వల్ల వచ్చిన కొలత దోషమనీ, దాన్ని తీసివేసి లెక్కిస్తే ప్రజల అభిప్రాయాలు చాలావరకు స్థిరంగానే కనిపిస్తాయనీ చూపించాడు. ఈ వివాదం ఇంకా తెగలేదు. నేను మాత్రం ఆకెన్ పక్షమే. మనిషి జవాబు తప్పనే ముందు మనం వేసిన ప్రశ్నను పరీక్షించుకోవడం పరిశోధకుల కనీస ధర్మమని నా గట్టి నమ్మకం.

చికాగో విశ్వవిద్యాలయంలోని పరిశోధన కేంద్రం 1972 నుంచి నడుపుతున్న సామాజిక సర్వే దీనికి మంచి సాక్ష్యం. "వెల్ఫేర్" (లేనివారికి సర్కారు ఇచ్చే సాయానికి అక్కడి వాడుక పేరు) మీద ప్రభుత్వం చాలినంత ఖర్చు చేయడం లేదా అని కొందరినీ, "పేదలకు సహాయం" మీద చాలినంత ఖర్చు చేయడం లేదా అని మరికొందరినీ అడుగుతారు. ఖర్చు చాలడం లేదనేవారు రెండో గుంపులో మొదటి గుంపు కంటే రెట్టింపునకు మించి ఉంటారు. ఖజానాలోంచి వెళ్లే డబ్బు ఇంచుమించు ఒకటే అయినప్పుడు, ఈ తేడాకు ఓటరు చంచలత్వాన్ని ఎలా నిందించగలం?

మధ్యాహ్నం తరగతిలో పెళ్లి ప్రశ్న మీద చర్చ పెట్టాను, ఈ పాఠం రోజున విద్యార్థులు ఎప్పుడూ ఉత్సాహంగా ఉంటారు. మీ అబ్బాయో అమ్మాయో ఎదుటి పార్టీ వారిని పెళ్లి చేసుకుంటే మీకు బాధ కలుగుతుందా అని 1960లో అడిగినప్పుడు, అవునన్నవారు రెండు పార్టీల్లోనూ 5 శాతం లోపే. 2010లో అదే అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో మూడో వంతు మంది అవునన్నారు. శాంతో అయ్యంగార్, ఆయన సహ పరిశోధకులు 2012లో ఈ అంకెలను ముందు పెట్టినప్పటి నుంచి, పార్టీల మధ్య వైరం ఇళ్లలోకి పాకిందనడానికి ఇదే తిరుగులేని రుజువుగా చలామణీ అవుతోంది. సంబంధాలు చూసేటప్పుడు ఏయే సంగతులు ఆరా తీస్తారో బాగా తెలిసిన ఇంట్లో పెరిగినదాన్ని కనుక, ఈ ప్రశ్న ఎంత లోతుగా తాకుతుందో నేను ఊహించగలను. 2018లో సమారా క్లార్, యానా క్రుప్నికోవ్, జాన్ బారీ రయన్ ఈ ప్రశ్నకు ఒక్క వాక్యం చేర్చి చూశారు: వచ్చే అల్లుడో కోడలో రాజకీయాలు అరుదుగా మాట్లాడతారు. అంతే, బాధ కలుగుతుందన్నవారి సంఖ్య గణనీయంగా తగ్గింది. పార్టీ పేరు వినగానే చాలామంది కళ్లముందుకు వచ్చేది భోజనాల బల్ల దగ్గర కూడా వాదన ఆపని మనిషి. ఆ మనిషి మీది విసుగునే మనం పార్టీ ద్వేషం కింద రాసుకున్నాం. వైరం పెరగలేదని నేననను, దానికి వేరే సాక్ష్యాలు చాలినన్ని ఉన్నాయి. కానీ ఈ ఒక్క అంకె అంత బరువు మోయలేదు. వెనక వరుసలోని ఒక అమ్మాయి, అలాగైతే 1960లో జనం ఊహించుకున్న మనిషి ఎవరండీ అని అడిగింది. సమాచారంలో దొరకని సంగతి అది. ఆ ప్రశ్నను నా పుస్తకంలో రాసుకున్నాను.

తరగతి చివరి పావుగంట, మీరు ఓటు వేశారా అన్న ప్రశ్నకు మిగిలింది. పైకి ఇంత సులువుగా కనిపించే ప్రశ్న మరొకటి లేదు. అయినా వేశామని చెప్పేవారు పోలైన ఓట్ల లెక్క కంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటారు. సర్వేకు ఒప్పుకునేవారే ఎక్కువగా ఓటు వేసేవారు కావడం కొంత కారణం, వేయలేదని చెప్పడానికి మొహమాటపడడం మరికొంత. అందుకే జాతీయ అధ్యయనం ఈ ప్రశ్నను నేరుగా అడగదు. పేరు నమోదు కాకో, ఒంట్లో బాగాలేకో, తీరిక లేకో చాలామంది ఓటు వేయలేకపోయారని మాకు తెలుస్తూ ఉంటుంది అని ముందుగా ఒక మెత్తటి మాట చెప్పి, ఆ తరువాత జవాబులు నాలుగు ఇస్తుంది: వేయలేదు; ఈసారి వేద్దామనుకున్నాను, వేయలేదు; మామూలుగా వేస్తాను, ఈసారి వేయలేదు; తప్పకుండా వేశాను. మధ్యలోని రెండు జవాబులు మనిషి పరువు నిలబెట్టడానికి ఉన్నవే. ఒక శాస్త్రం తన కొలమానంలో ఇంత మర్యాదకు చోటివ్వడం చూసినప్పుడల్లా నాకు ఈ వృత్తి మీద గౌరవం పెరుగుతుంది.

ఆ మొహమాటం ఎంత బలమైనదో 2006 ఆగస్టులో ఈ రాష్ట్రంలోనే తేలింది. అమెరికాలో ఓటు ఎవరికి వేశారన్నది రహస్యం, వేశారా లేదా అన్నది మాత్రం బహిరంగ రికార్డు. అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్, క్రిస్టఫర్ లారిమర్, పార్టీల అభ్యర్థులను ఓటర్లు ఎంచుకునే ప్రైమరీ ఎన్నికకు ముందు 1,80,000 కుటుంబాలతో ప్రయోగం చేశారు. ఏ ఉత్తరమూ అందని ఇళ్లలో 29.7 శాతం మంది ఓటు వేశారు. మీ ఇంట్లోవారూ ఇరుగుపొరుగువారూ గత ఎన్నికల్లో ఓటు వేశారో లేదో పట్టికగా చూపి, ఈసారి కూడా ఇలాగే పట్టిక పంపుతామని చెప్పిన ఉత్తరం అందిన ఇళ్లలో 37.8 శాతం మంది వేశారు. పౌరధర్మాన్ని మాత్రమే గుర్తు చేసిన ఉత్తరం అందిన ఇళ్లలో ఓటింగ్ రెండు శాతం కూడా పెరగలేదు. మన వైపు వేలి మీది సిరా చేసే పనిని ఇక్కడ ఆ పట్టిక చేసింది.

సాయంత్రం మా పైఅంతస్తులో కొడుకు దగ్గర ఉంటున్న తెనాలి బాబాయి గారు టీ తాగడానికి పిలిచారు. పౌరసత్వం వచ్చాక 2024లో ఆయన ఇక్కడ తొలి ఓటు వేశారు. "వేలమందిని అడుగుతామంటావు గదమ్మాయ్, మనవాళ్లను ఎప్పుడైనా అడిగారా?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. దేశ జనాభాలో భారతీయ మూలాలున్నవారు ఇంచుమించు ఒకటిన్నర శాతమే కావడంతో, కొన్ని వేలమంది ఉండే జాతీయ నమూనాలో మనవారు పదుల సంఖ్యలోనే తగులుతారు. అందుకే కార్నెగీ అనే పరిశోధన సంస్థ విడిగా సర్వేలు చేయించింది. నమోదైన భారతీయ అమెరికన్ ఓటర్లలో 2020లో 72 శాతం మంది బైడెన్‌కు వేస్తామనగా, 2024లో 61 శాతం మంది హారిస్‌కు వేస్తామన్నారు. ట్రంప్ వైపు 22 నుంచి 32 శాతానికి పెరిగారు. 2024లో అడిగినది 714 మందిని. అందులోంచి తెలుగువారిని వేరుచేసి ఏదైనా చెప్పబోతే అది కల్పన అవుతుందని ఆయనకు వివరించాను.

ఆయన అంతకంటే విలువైన సంగతి ఒకటి చెప్పారు. మిషిగన్ బ్యాలట్ పొడవైనది. అధ్యక్షుడి నుంచి ఈ విశ్వవిద్యాలయపు పాలకమండలి సభ్యుల దాకా అందరికీ అందులోనే వేయాలి. కావాలంటే పైన ఒక్క పార్టీ గుర్తింపు గడి నింపితే ఆ పార్టీ అభ్యర్థులందరికీ ఓటు పడుతుంది. రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తుల వరుసకు మాత్రం అది వర్తించదు. వారిని నిలబెట్టేది పార్టీలే, బ్యాలట్ మీద మాత్రం పార్టీ పేరు ఉండదు. "అక్కడ పేర్లు తప్ప ఏమీ లేవమ్మా, తెలియనివాళ్లకు వేయడం తప్పనిపించి ఖాళీగా వదిలేశాను" అన్నారు. ఇలా వదిలేసినవారిని ఆసక్తి లేని ఓటర్ల ఖాతాలో వేసే వ్యాసాలు నేను చదివాను. నలభై ఏళ్లకు పైగా ప్రతి ఎన్నికలో ఆంధ్రలో క్యూలో నిలబడి ఓటు వేసిన మనిషి ఈయన. బ్యాలట్ కూడా ఓటరుకు వేసిన ప్రశ్నే, అందులోంచి ఒక ఆనవాలు తీసేస్తే జవాబు రాదు.

మా ముసాయిదాలో న్యాయమూర్తుల ఎన్నిక గురించి ఉన్నది, ఎవరికి ఓటు వేయబోతున్నారు అన్న ఒక్క వాక్యమే. ఖాళీగా వదిలేయాలనుకుంటే ఆ మాట చెప్పే వీలూ, ఎందుకో సొంత మాటల్లో రాసే చోటూ అందులో లేవు. ఆ రెండూ చేర్చమనీ, సగం మందికి ఆ అభ్యర్థులను నిలబెట్టిన పార్టీ పేరు చూపించి, మిగతా సగం మందికి చూపించకుండా అడగమనీ ప్రొఫెసర్ గారికి ఇప్పుడే రాసి పంపాను.