మన బీపీటీలో జపోనికా

మొన్న బెజవాడలో కొరియన్ ఫుడ్ తిన్నాం, ఆ పొట్టి గింజ ముద్దగా అతుక్కునే అన్నం భలే నచ్చింది, అదే జపోనికా అనే వరి జాతి అంట, అమైలోజ్ (బియ్యం పిండిలో ఒక భాగం) తక్కువ కాబట్టి అలా అతుక్కుంటుంది. కాలిఫోర్నియా, ఇటలీ, ఈజిప్టులో కూడా పండిస్తారు. 2025లో జపాన్‌లో బియ్యం రేటు ఏడాదిలోనే దాదాపు రెట్టింపై 5 కిలోలు 4000 యెన్లు దాటితే గవర్నమెంటు నిల్వలు బయటికి తీసింది, ఇంత గిరాకీ ఉంటే మనోళ్ళు ఎందుకు పండించకూడదు అనిపించింది, కాకపోతే ఎక్కువ జపోనికా రకాలకి చల్లటి వాతావరణం కావాలి, మన డెల్టా ఎండల్లో కష్టం.

కానీ అసలు విషయం వినండి, 1986లో బాపట్ల నుంచి వచ్చిన మన బీపీటీ 5204 వరికి, అంటే సాంబ మసూరికి, ఒక పేరెంట్ మసూరి, ఆ మసూరి ఏమో తైచుంగ్ 65 అనే జపోనికాని ఇండికాతో (వేడి ప్రాంతాల్లో పండే వరి జాతి) కలిపితే పుట్టింది! రోజూ మనం తినే సాంబ మసూరిలోనే ఉంది అది. బాపట్ల సైంటిస్టులు ఎండకి ఓర్చుకునే జపోనికా మీద కూడా పనిచేస్తే మన రైతుకి ఎంత బాగుంటుందో.