అట్ట లాక్కున్నారు, జెండా లాక్కోలేదు

మొన్న ఊరేగింపులో నా చేతికి జాతీయ జెండా ఇచ్చారు. ముందు వరసలో నినాదాల అట్టలన్నీ లాగేసుకుంటూ వచ్చిన పోలీసాయన, నా దగ్గరికొచ్చేసరికి చెయ్యి చాచి, కర్ర పైనున్న గుడ్డ చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కాస్త పక్కకి జరగండమ్మా" అన్నాడంతే. అట్ట మీద రాసింది మా గొడవ. జెండా మాత్రం ఆయనది కూడా కదా!

అన్ని కాలాల్లో ఇంత మర్యాద దొరకలేదు లెండి. 1923లో నాగపూర్‌లో స్వరాజ్య జెండా పట్టుకుని నడిచినందుకే వందలమందిని జైల్లో పెట్టారు. 1956లో హంగరీ వాళ్ళు చేసిన పని నాకు భలే నచ్చుతుంది. సొంత జెండాకే నడిమధ్యన ఉన్న కమ్యూనిస్టు చిహ్నాన్ని కత్తిరించేసి, ఆ చిల్లుతోనే ఎగరేశారు. దేశం మాదే, మీ ముద్ర మాత్రం మాకొద్దు అని. 1989లో రొమేనియాలోనూ అదే కత్తెర. అమెరికాలోనైతే తలకిందులుగా వేలాడదీస్తారు. అక్కడ అది ఘోర ఆపదలో ఉన్నామనే సంకేతం. మన దగ్గర కావాలని కాషాయం కిందికి పెట్టి ఎగరేస్తే 1971 చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు, కాబట్టి ఆ ఆలోచనే వద్దు.

చిక్కేమిటంటే, ఆ రోజు మాకు ఎదురుగా వచ్చిన గుంపు చేతుల్లోనూ ఇదే జెండా. ఎవరు దేనికోసం వచ్చారో దారిన పోయేవాళ్ళకి తెలిసే వీల్లేదు. ఈసారి జెండాతోపాటు అట్ట కూడా పట్టుకెళ్తాను. లాక్కుంటే లాక్కోనీ.